ఆరంగుళాల తెరపై తెలుగు పుట

హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్లే ఉద్యోగికి రానూపోనూ కలిపి రోజుకు దాదాపు రెండు గంటలు దొరుకుతాయి. చదివే అలవాటున్నవారికి అది చాలా విలువైన సమయం. ఆ సమయానికి ఈ-రీడర్ తగిన తోడేనా? ఇంగ్లిష్ నవలలు చదివేవారైతే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. తెలుగే ఎక్కువగా చదివేవారు మాత్రం తమకు కావలసిన పుస్తకాలు ఏ రూపంలో దొరుకుతున్నాయో చూసుకున్నాకే డబ్బు తీయాలి.

తెర విషయంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ-ఇంక్ తెరలో అతి చిన్న గుళికలుంటాయి, వాటిలో తెలుపు, నలుపు రేణువులుంటాయి. విద్యుత్ ప్రేరణతో కావలసిన రంగు పైకి తేలుతుంది. ఒకసారి తేలాక, పుట తిప్పేదాకా కరెంటుతో పని లేదు. అందుకే ఒక్క చార్జింగ్‌తో వారాల తరబడి నడుస్తుంది. కాగితంలాగే బయటి వెలుతురుతోనే కనిపిస్తుంది కాబట్టి, మెట్రో కిటికీలోంచి ఎండ పడితే ఫోన్ తెర వెలవెలబోతుంది గానీ దీని అక్షరం ఇంకా స్ఫుటమవుతుంది. ఆరంగుళాల రీడర్ బరువు సాధారణంగా 200 గ్రాములకు అటూఇటూ. నిలబడి ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకున్నా, రెండో చేత్తో చదువుకోవచ్చు.

చిక్కంతా ఫైలు దగ్గరే. మన ప్రచురణ రంగం ఏళ్ల తరబడి ‘అను’ ఫాంట్లతో పేజీలు కట్టింది. అవి అన్ని పరికరాలూ చదవగలిగే యూనికోడ్ కావు. అలా కట్టిన పుస్తకాన్ని, తెరకు తగ్గట్టు అక్షరం సర్దుకునే ఈపబ్‌గా మార్చాలంటే అక్షరాలన్నీ మార్పిడి చేసి, మళ్లీ ప్రూఫు దిద్దాలి. అంత ఖర్చు పెట్టుకోలేక చాలామంది పీడీఎఫ్‌తో సరిపెట్టారు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌కు ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు అందులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు ఇది చిన్న లోటు కాదు. ఇక పాత పుస్తకాలు చాలావరకు స్కాన్లుగానే దొరుకుతాయి. ఎనిమిదిన్నర అంగుళాల పొడవున్న పుటను, మూల నుంచి మూలకు ఆరంగుళాలుండే తెరలో ఇమిడిస్తే అక్షరం దాదాపు సగానికి కుదించుకుపోతుంది. తెలుగులో ద, ధ, థల తేడా చిన్న గీత, చుక్కలతోనే తెలుస్తుంది. వత్తులు వరుస కిందకు దిగుతాయి. ముందు అలుక్కుపోయేవి అవే.

అడ్డంగా తిప్పి చదవొచ్చు కదా అంటారు. అక్షరం పెరుగుతుంది, నిజమే, కానీ ఒక్కో పుటను రెండు మూడు ముక్కలుగా చదవాలి. పదంగుళాల రీడరైతే పీడీఎఫ్ హాయిగా కనిపిస్తుంది, ధర బాగా పెరుగుతుంది, రద్దీలో ఒంటి చేత్తో పట్టుకోవడమూ కష్టమే. ఫోన్ ఉండగా ఇదెందుకనేది మరింత బలమైన ప్రశ్న. పది నిమిషాల వార్తకు ఫోన్ చాలు. 300 పేజీల నవలకు మాత్రం, మధ్యలో మెసేజీలు రాని తెర ఎంతో మేలు.

కొనేముందు తెలుగు వికీసోర్స్ నుంచి ఒక ఈపబ్, మీరు నిజంగా చదవాలనుకుంటున్న పుస్తకం పీడీఎఫ్ ఒకటి దించుకుని, తెలిసినవారి రీడర్‌లో తెరిచి చూడండి. ఈపబ్‌లో వత్తులు సరిగా పడుతున్నాయా, పీడీఎఫ్‌లో ఒక అధ్యాయం ఆగకుండా చదవగలిగారా అన్నది గమనించండి. రెండోదాంట్లో కళ్లు చికిలించాల్సి వస్తే, ఆ డబ్బుతో అచ్చు పుస్తకాలే కొనుక్కోండి.