నూట ఇరవై తెగలు… ఒకటే మాట

టాంజానియా అనగానే మనకు సింహాలూ సఫారీలే గుర్తొస్తాయి. అడవి దాటి ఊళ్లోకి వెళితే అంతకంటే పెద్ద విశేషం కనిపిస్తుంది. నూట ఇరవైకి పైగా తెగలు ఒక్క భాషను అల్లుకుని ఒక్క జాతిగా నిలబడ్డ దేశమది.

ఆ దేశపు పెద్ద నగరం దార్ ఎస్ సలామ్‌లో పొద్దున్నే కరియాకో మార్కెట్ వైపు వెళ్లే డలాడలా ఎక్కితే నిలబడ్డానికి కూడా చోటుండదు. డలాడలా అంటే అక్కడి మినీ బస్సు. డోరు పట్టుకుని వేలాడుతూ కండక్టరు స్టాపుల పేర్లు అరుస్తుంటాడు. లోపల విక్టోరియా సరస్సు వైపు నుంచి పనికోసం వచ్చిన సుకుమా కుర్రాడుంటాడు. కిలిమంజారో వాలున కాఫీ తోటలున్న చగ్గా వ్యాపారి, దక్షిణాదిన జీడితోటల సీమకు చెందిన మకొండే ఇల్లాలు, తాతల కాలంలో గుజరాత్ నుంచి వలసవచ్చిన ఇంటి పెద్దాయన కూడా ఆ కిక్కిరిసిన బస్సులోనే ఉంటారు. ఎవరి ఇంటి భాష వాళ్లది. బస్సులో మాత్రం అందరిదీ స్వాహిలియే. పెద్దాయన్ని చూడగానే కుర్రాడు ‘షికమూ’ అని పలకరిస్తాడు. ఆయన ‘మరహబా’ అని అందుకుంటాడు. నీదే తెగ అని ఎవరూ ఆరా తీయరు.

ఇది చిన్న విషయం కాదు. టాంజానియాకు ఎనిమిది ఇరుగుపొరుగు దేశాలున్నాయి. వాటిలో రువాండా, బురుండి, కాంగోలలో తెగల పేరిట పారిన నెత్తురు ఇంకా ఆరలేదు. కెన్యాలోనూ 2007 ఎన్నికల తర్వాత పొరుగింటివాళ్లే కత్తులు దూసుకున్నారు. అలాంటి చోట ఇన్ని తెగలున్న దేశం స్వాతంత్ర్యం వచ్చిన నాటినుంచీ తెగల యుద్ధం ఎరగకుండా బతికింది. అదెలా సాధ్యమైందో తెలుసుకోవాల్సిన అవసరం భాషలూ కులాలూ ప్రాంతాలూ ఇన్ని ఉన్న మనలాంటివాళ్లకు మరీ ఉంది.

సముద్రం తెచ్చిన సంపద, శోకం

స్వాహిలి పుట్టింది తూర్పు ఆఫ్రికా తీరంలో. బంటు భాషా కుటుంబానికి చెందిన ఆ భాష అరబ్బు, పారశీక, భారతీయ వర్తకుల రాకపోకల మధ్య ఎదిగింది. రుతుపవనాల గాలిని నమ్ముకుని తెరచాప ఓడలు వచ్చేవి, గాలి మళ్లగానే తిరిగి వెళ్లేవి. దక్షిణ తీరాన ఉన్న కిల్వా దీవి ఆ వర్తకంతోనే మహానగరమైంది. 1331లో అక్కడ దిగిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ ఊరి అందాన్ని మెచ్చుకున్నాడు. పగడపురాతితో కట్టిన మసీదు గోడలు ఇప్పటికీ అక్కడ నిలిచే ఉన్నాయి.

అదే సముద్రం మీద బానిసల ఓడలూ నడిచాయి. 19వ శతాబ్దంలో ఒమన్ సుల్తాను సయ్యద్ సయీద్ తన పీఠాన్నే జాంజిబార్ దీవికి మార్చాడు. లవంగం తోటలు వేయించాడు. ఆ తోటల్లో చాకిరీకి, విదేశాలకు అమ్మకానికి లోపలి ప్రాంతాల నుంచి మనుషుల్ని గొలుసులతో నడిపించుకొచ్చారు. 1873లో జాంజిబార్‌లోని బానిసల సంతను మూసేశారు. అది జరిగిన చోటే ఇప్పుడు ఆంగ్లికన్ చర్చి ఉంది.

లవంగాలు మాత్రం ఇంకా అక్కడి బతుకులో భాగమే. పెంబా దీవిలో కోతలప్పుడు రోడ్డు పక్కన చాపలు పరిచి ఉంటాయి. విచ్చుకోకముందే చెట్టెక్కి చేత్తో కోసిన మొగ్గల్ని వాటిమీద ఆరబోస్తారు. ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో ఉన్న మొగ్గ కొన్నాళ్ల ఎండకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ వాసన ఊరంతా కమ్మేస్తుంది.

నీళ్లను నమ్మి తుపాకులకు ఎదురెళ్లి

ప్రధాన భూభాగమైన టాంగన్యికాను జర్మన్లు ఆక్రమించుకున్నారు. రైతుల చేత బలవంతంగా పత్తి వేయించారు. ఆ కడుపుమంట 1905లో తిరుగుబాటైంది. కింజికిటిలే అనే దైవజ్ఞుడు మంత్రించిన నీళ్లు ఇచ్చి, ఇవి ఒంటిమీద ఉంటే తూటాలు తగలవని చెప్పాడు. ‘మాజీ మాజీ’ (నీళ్లు నీళ్లు) పేరుతో చరిత్రకెక్కిన ఆ పోరులో ఇరవై దాకా తెగలు మొదటిసారి కలిసి నడిచాయి. నీళ్లు తూటాలను ఆపలేకపోయాయి. జర్మన్లు పంటలు తగలబెట్టి, ధాన్యం లాక్కుని కరువు సృష్టించారు. చనిపోయినవారు 75 వేల నుంచి 3 లక్షల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. అంత ఘోరమైన ఓటమి కూడా తమ కష్టం ఒక్కటేనన్న ఎరుకను ఆ ప్రజలకు మిగిల్చింది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత టాంగన్యికా బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. 1961 డిసెంబరు 9న స్వతంత్రమైంది. జాంజిబార్‌కు 1963లో స్వాతంత్ర్యం వచ్చింది. నెల తిరిగేసరికి, 1964 జనవరి 12న, అక్కడ విప్లవం చెలరేగి సుల్తాను పారిపోయాడు. అరబ్బులు, భారత సంతతివారు వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. ఆ గాయాన్ని దాచి ఈ దేశం కథ చెప్పకూడదు. అదే ఏడాది ఏప్రిల్ 26న రెండు దేశాలూ ఏకమయ్యాయి. రెండు పేర్లూ కలిసి టాంజానియా అయింది.

అందరి మేష్టారు

జూలియస్ న్యెరేరే 1922లో బుటియామా అనే ఊళ్లో జనాకీ తెగ పెద్ద ఇంట పుట్టాడు. జనాకీ చాలా చిన్న తెగ. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చి పాఠాలు చెప్పుకుంటూ రాజకీయాల్లోకి దిగాడు. దేశాధ్యక్షుడయ్యాక కూడా జనం ఆయన్ని ‘మ్వాలిము’ అనే పిలిచారు. మేష్టారూ అన్నట్టు.

ఏదో ఒక పెద్ద తెగ భాషను అందరి నెత్తినా రుద్దితే దేశం చీలిపోతుందని ఆయనకు తెలుసు. ఇంగ్లిషు చదువుకున్న కొద్దిమందిదే. స్వాహిలి తీరవాసులది. వర్తకుల వెంట, కూలీల వెంట అప్పటికే లోపలి ఊళ్లకు చేరింది. దాన్ని మాట్లాడితే ఏ తెగకూ లొంగినట్టు కాదు. ఆయన పార్టీ టాను పుట్టిన 1954 నుంచీ స్వాహిలినే ఉద్యమ భాషగా పట్టుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రాథమిక విద్య మొత్తం అందులోకే మారింది. న్యెరేరే స్వయంగా కూర్చుని షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ను, ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ను స్వాహిలిలోకి తెచ్చాడు. మన భాషలో పెద్ద మాటలు పలకవన్నవాళ్లకు ఆయన చేతల్లో చెప్పిన జవాబది.

భాష ఒక్కదానితోనే ఆగలేదు. తెగ పెద్దల అధికారాలను రద్దు చేశాడు. హైస్కూలు పిల్లల్ని సొంత ప్రాంతానికి దూరంగా ఉన్న హాస్టళ్లకు, ఉద్యోగుల్ని పరాయి జిల్లాలకు పంపాడు. ఒకే గదిలో కలిసి తిని, కలిసి చదివినవాళ్ల మధ్య పెళ్లిళ్లూ జరిగాయి. ఆ ఇళ్లలో పిల్లలకు స్వాహిలియే అమ్మ భాష అయింది.

అదే న్యెరేరే ఆర్థిక వ్యవస్థ విషయంలో దెబ్బతిన్నాడు. 1967 అరుషా ప్రకటనతో ‘ఉజమా’ సామ్యవాదాన్ని చేపట్టాడు. చెదురుమదురుగా ఉన్న ఇళ్లను ఒకచోటికి చేర్చి బడి, ఆసుపత్రి, నీళ్లు అందించాలన్నది ఆశయం. 1973 తర్వాత ఆ తరలింపు బలవంతంగా సాగింది. గుడిసెలు తగలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. పంటలు పడిపోయాయి, దుకాణాలు ఖాళీ అయ్యాయి. అయితే అక్షరాస్యత పెరిగింది, పల్లెకు బడి వచ్చింది. 1985లో ఎవరూ దించకుండానే న్యెరేరే కుర్చీ దిగి సొంత ఊరికి వెళ్లిపోయాడు. జీవితకాలం పదవిని పట్టుకు వేలాడిన నాయకులున్న కాలంలో అది అరుదైన పని.

ఆదుకున్న గడ్డ

తాను పేదగా ఉండి కూడా ఈ దేశం ఇతరులకు చోటిచ్చింది. దక్షిణాఫ్రికా, మొజాంబిక్ విమోచన ఉద్యమాలకు దార్ ఎస్ సలామ్ స్థావరమైంది. మొజాంబిక్‌కు స్వేచ్ఛ తెచ్చిన ఫ్రెలిమో 1962లో పుట్టింది అక్కడే. 1994లో రువాండాలో మారణహోమం జరుగుతుంటే ఒక్క రోజులో రెండున్నర లక్షల మంది రుసుమో వంతెన దాటి టాంజానియాలోకి వచ్చారు. 1972లో బురుండి నుంచి పారిపోయి వచ్చినవాళ్లలో, వాళ్ల పిల్లల్లో 1.62 లక్షల మందికి 2014లో పౌరసత్వమే ఇచ్చేసింది. శరణార్థి పేరెత్తితే తలుపులు మూసుకునే సంపన్న దేశాలు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఒక్క చూపులో
విస్తీర్ణం: సుమారు 9.45 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికి మూడు రెట్ల పైమాటే.
జనాభా: 6.17 కోట్లు (2022 జనగణన).
రాజధాని: డొడొమా. పెద్ద నగరం: దార్ ఎస్ సలామ్.
ఎత్తైన శిఖరం: కిలిమంజారో, 5,895 మీటర్లు. ఆఫ్రికాలోనే ఎత్తైనది.
లోతైన సరస్సు: టాంగన్యికా, 1,470 మీటర్లు. ప్రపంచంలో రెండోది.

పచ్చిక ఎవరిది?

సెరెంగెటి మైదానంలో ఏటా పదిహేను లక్షల దాకా విల్డ్‌బీస్ట్‌లు, వాటి వెంట లక్షల జీబ్రాలు వానను వెతుక్కుంటూ సాగిపోతాయి. పక్కనే ఎన్‌గోరోంగోరో ఉంది. ఎప్పుడో కూలిన అగ్నిపర్వతం మిగిల్చిన, ఇరవై కిలోమీటర్ల వెడల్పున్న లోయ అది. ఆ చుట్టుపక్కలే లేటోలి దగ్గర 36 లక్షల ఏళ్ల కిందట రెండు కాళ్లమీద నడిచిన మన పూర్వీకుల అడుగుజాడలు 1978లో బయటపడ్డాయి.

ఈ అందాన్ని చూసేవాళ్లు మసాయిల గోడునూ వినాలి. ఆ పచ్చికలో తరతరాలుగా ఆవుల్ని మేపుకున్నది వాళ్లు. 1959లో సెరెంగెటి పార్కు కోసం వాళ్లను ఖాళీ చేయించి ఎన్‌గోరోంగోరోకు పంపారు. ఇప్పుడు అక్కడినుంచీ కదలమంటున్నారు. జంతువుల్ని కాపాడటం ఎంత ముఖ్యమో, వాటితో కలిసి బతికిన మనుషుల్ని కాపాడటమూ అంతే ముఖ్యం.

మన వంటింటి దాకా

కొబ్బరిపాలలో ఉడికించిన కందులు, వేడివేడి మందాజీలు తీరప్రాంతంలో ఇష్టంగా తినే టిఫిను. నూనెలో పొంగిన తియ్యటి రొట్టె ముక్కను ఆ కందుల గుజ్జులో ముంచుకుని తింటారు. అయితే అక్కడి రైతు కందులు పండించేది ఎక్కువగా మనకోసం. మనదేశం కందులు దిగుమతి చేసుకునే దేశాల్లో టాంజానియా ఒకటి. 2017లో భారత్ దిగుమతులకు పరిమితి పెట్టగానే అక్కడ ధర కుప్పకూలి రైతులు నష్టపోయారు. మ్ట్వారా ప్రాంతపు జీడిపిక్కలూ మనదేశానికి వస్తాయి. ఆఫ్రికా పిక్కలు రాకపోతే మన పలాసలోనూ జీడి పరిశ్రమకు పని తగ్గుతుంది. 2023లో ఐఐటీ మద్రాసు జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. ఐఐటీలు విదేశంలో పెట్టిన తొలి క్యాంపస్ అదే.

ఇప్పటి పరీక్ష

ఆడవాళ్లు కట్టుకునే కంగా చీరముక్క మీద అంచు పక్కన స్వాహిలిలో ఒక సామెతో సూక్తో అచ్చేసి ఉంటుంది. నోటితో అనలేని మాటను పొరుగింటావిడకో భర్తకో దానితో వినిపిస్తారు. మాట మీద అంత పట్టున్న సమాజం అది. 2021లో సాహిత్య నోబెల్ అందుకున్న అబ్దుల్‌రజాక్ గుర్నా పుట్టింది జాంజిబార్‌లోనే. అదే ఏడాది యునెస్కో జులై 7ను ప్రపంచ స్వాహిలి దినంగా ప్రకటించింది. ఆఫ్రికా భాషల్లో ఆ గౌరవం దక్కిన మొదటిది ఇదే.

అయినా బడిలో చిక్కు తీరలేదు. ప్రాథమిక స్థాయి వరకు స్వాహిలిలో చదివిన పిల్లవాడు హైస్కూల్లో ఒక్కసారిగా ఇంగ్లిషులో పడతాడు. నగరంలో డబ్బున్నవాళ్ల పిల్లలు నెగ్గుకొస్తారు, పల్లె పిల్లలు వెనకబడతారు. ఈ బాధ తెలుగునాట తల్లిదండ్రులకు విడమరిచి చెప్పక్కర్లేదు.

రాజకీయంలోనూ గడ్డుకాలమే. 2021లో సామియా సులుహు హసన్ తొలి మహిళా అధ్యక్షురాలైనప్పుడు ఎన్నో ఆశలు చిగురించాయి. 2025 అక్టోబరు 29 ఎన్నికల నాటికి ప్రతిపక్ష నేత టుండు లిస్సు రాజద్రోహం అభియోగం మీద జైల్లో ఉన్నారు. పోలింగ్ రోజున యువత వీధుల్లోకి వచ్చింది. ఇంటర్నెట్ ఆగిపోయింది, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సామియా దాదాపు 98 శాతం ఓట్లతో గెలిచారని ప్రకటించారు.

ఒకే భాష ఉంటే చాలు, దేశం చల్లగా ఉంటుందని చెప్పడానికి టాంజానియాను చూపించలేం. ఆ భాషలో పాలకుల్ని నిలదీసే వీలు కూడా ఉండాలి. ఆ దేశానికి తొలి సగం పనిని న్యెరేరే తరం చేసిపెట్టింది. వీధిలోకి వచ్చిన కుర్రకారు మిగతా సగం అడుగుతోంది. వాళ్లు ఏ తెగ తరఫునా రాలేదు, పౌరులుగా వచ్చారు. అరవై ఏళ్ల కిందట మేష్టారు కోరుకున్నది సరిగ్గా ఇలాంటి పౌరుల్నే. వాళ్లను శత్రువులుగా చూడటం మాని, వాళ్లు చెప్పేది వినడమే ఇప్పుడు ఆ ప్రభుత్వం చేయాల్సిన పని.