మళ్లీ లావైతే నోటిదేనా తప్పు?

కష్టపడి బరువు తగ్గిన మనిషి మళ్లీ లావైతే లోకం అనే మాట ఒకటే: నోరు కట్టుకోలేకపోయాడు. ఆ మాటలో నిజమెంతో తేల్చడానికి అమెరికాలో బరువు తగ్గే ఒక టీవీ పోటీ అక్కరకొచ్చింది. 'ద బిగ్గెస్ట్ లూజర్' పోటీదారులు 14 మందిని అప్పట్లో అక్కడ ప్రభుత్వ శాస్త్రవేత్తగా ఉన్న కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించింది. 30 వారాల్లో వారు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో 41 కిలోలు తిరిగొచ్చాయి. పరగడుపున కదలకుండా పడుకోబెట్టి, పీల్చి వదిలే గాలిని కొలిస్తే ఒళ్లు ఊరికే ఉన్నప్పుడు ఖర్చుచేసే క్యాలరీలు తెలుస్తాయి. పోటీకి ముందు అవి రోజుకు సుమారు 2,600. పోటీ ముగిసేసరికి 2,000. బరువు చాలావరకు తిరిగొచ్చాక కూడా 1,900 దగ్గరే ఉన్నాయి.

ఒళ్లు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, అందులో వింత లేదు. కానీ ఆరేళ్ల తర్వాత వారి వయసుకు, కండకు, కొవ్వుకు లెక్కగట్టిన దానికన్నా కూడా దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చయ్యాయి. కొవ్వు నిల్వల సమాచారాన్ని మెదడుకు చేరవేసే లెప్టిన్ హార్మోన్ పోటీ చివరికి అడుగంటింది. అది పడిపోతే మెదడు కరువొచ్చిందనుకుని ఖర్చు తగ్గిస్తుంది, ఆకలి పెంచుతుంది.

అలాగని నేరమంతా మందగించిన జీవక్రియ మీదకు నెట్టేయలేం. బరువును బాగా నిలబెట్టుకున్నవారిలోనే ఆ మందగింపు ఎక్కువగా కనిపించింది. అదే అసలు కారణమైతే ముందుగా లావెక్కాల్సింది వాళ్లే. ఆ మందగింపు విపరీతమైన వ్యాయామానికి ఒళ్లు చేసుకున్న సర్దుబాటు కావచ్చని హాల్ 2022లో వివరించారు. మామూలు డైటింగ్ చేసినవారిలో, బరువు కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక కొలిస్తే, ఈ అదనపు తగ్గుదల పదుల క్యాలరీలే. ఆకలి లెక్క వేరు: తగ్గిన ప్రతి కిలోకూ ఖర్చు రోజుకు 20 నుంచి 30 క్యాలరీలు తగ్గితే, ఆకలి దాదాపు 100 క్యాలరీల మేర పెరుగుతుందని హాల్ బృందమే మరో అధ్యయనంలో అంచనా వేసింది.

అయితే చివరికి నోటిదే తప్పన్నట్టేగా అని అడగొచ్చు. ఆ ఆకలి మనిషి కోరి తెచ్చుకున్నది కాదు. బరువు తగ్గిన ఏడాదికి కూడా ఆకలి హార్మోన్లు మునుపటి స్థాయికి చేరలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ మందు ఆపినవారికి ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. బీపీ మందు ఆపితే బీపీ పెరిగిందని రోగిని ఎవరూ తిట్టరు; ఇక్కడా అదే న్యాయం వర్తించాలి. ఆ పోటీదారుల్లో బరువు నిలుపుకున్నవారు వ్యాయామాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. కాబట్టి డాక్టర్లైనా, జిమ్ములైనా ఎన్ని కిలోలు తగ్గిస్తారని కాక, తగ్గాక ఎన్నేళ్లు తోడుంటారని అడగాలి.