మెరుగు పెడితే తరిగే విలువ

తపాలా బిళ్ళలు, నాణేలు సేకరించే అభిరుచి మన కుటుంబాలలో అనేకులకు పరిచితమే. అమెరికాలో అంతకు మించిన శ్రద్ధతో, వ్యయంతో పాత రివాల్వర్లను సేకరించేవారున్నారు. వారు అమితంగా మక్కువ పడేది 1873లో కోల్ట్ సంస్థ సైన్యం కోసం తయారుచేసిన 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' మీద. దీనికే 'పీస్‌మేకర్', అనగా శాంతిస్థాపకుడు, అని మరో పేరు. ఆయుధానికి ఇంతటి సౌమ్యమైన పేరా అని పాఠకులు నవ్వుకోవచ్చు!

సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ప్రతి తూటాకు ముందు హ్యామర్‌ను బొటనవ్రేలితో వెనుకకు లాగాలి. అప్పుడే ఆరు అరల సిలిండర్ ఒక అర మేర తిరుగుతుంది. ట్రిగ్గర్ చేసేది హ్యామర్‌ను విడిచిపెట్టడం మాత్రమే. పాత కోల్ట్‌లో హ్యామర్‌ను లాగినప్పుడు నాలుగు టిక్కులు వినిపిస్తాయి. ఇంగ్లీషులో 'కోల్ట్' అన్న పేరుకూ నాలుగే అక్షరాలని అభిమానులు మురిసిపోతారు. అరలు ఆరైనా నింపేది ఐదే. హ్యామర్ క్రింద తూటా ఉన్నచో, చేయి జారి పడినప్పుడు పేలే ప్రమాదముంది.

మన ఇండ్లలో ఇత్తడి సామాను చింతపండుతో తోమి తళతళలాడించడం ఆనవాయితీ. ఇక్కడ అటువంటి పని చేస్తే సర్వనాశనమే. ఎముకల బొగ్గులో ఉక్కును కాల్చి నీట ముంచగా ఫ్రేముపై ఏర్పడిన రంగురంగుల చారలు, గొట్టంపై నీలి పూత - ఇవి ఎంత వెలిసినా అసలుతనానికి సాక్ష్యాలు. సానపట్టి కొత్త పూత వేయిస్తే అంచులు గుండ్రబడతాయి, ముద్రలు అరుగుతాయి, వెల పడిపోతుంది.

మోసగాళ్ళకూ ఈ సంగతి తెలుసు. సైన్యానికి సరఫరా అయిన వాటికి గిరాకీ హెచ్చు కనుక, సామాన్యమైన రివాల్వర్ మీద 'యు.ఎస్.' ముద్ర కొట్టి అమ్మిన ఉదంతాలున్నాయి. అందుచేత వివేకవంతులు క్రమసంఖ్య తెలిపి, కోల్ట్ సంస్థ పాత దస్త్రాల ఆధారంగా ఇచ్చే ధ్రువపత్రం తెప్పించుకుంటారు. గొట్టం పొడవెంత, పూత ఏది, ఏ తేదీన ఎవరికి పంపారు - దస్త్రంలో ఉన్నంతవరకు అందులో తెలుస్తుంది. నా మట్టుకు నాకు తుపాకీ కంటే ఆ కాగితమే ఆసక్తికరం.

ఇక కాల్చి ఆనందించడం వేరే సంగతి. 1900కు ముందు తయారైన వాటిలో పొగరాని మందు వాడకానికి కోల్ట్ హామీ ఇవ్వలేదు. కనుక నాటి వేషధారణతో ఉక్కు పలకలపై గురి చూసే పోటీలకు పలువురు ఇటలీలో తయారైన నకళ్ళనే తీసుకువెళతారు. అసలు కోల్ట్ మాత్రం పలుచగా నూనె పూసుకుని ఇంటి బీరువాలోనే ఉంటుంది.