చుట్టాలు చేరిన ఇంట ఏ ఆట ఆడించాలి?

ఇంట శుభకార్యం జరిగినా, పండుగకు బంధువులు వచ్చినా, భోజనాలు ముగిసిన తరువాత ఒక వెలితి కనిపిస్తుంది. పెద్దలు అరుగు మీద చేరి పాత సంగతులు చెప్పుకొంటారు. యువకులు సెల్‌ఫోన్లలో మునిగిపోతారు. పిల్లలు ఇంటికి పోదామని మారాం చేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు "ఏదైనా ఆట ఆడదాం" అంటారు. అందరూ సరేనంటారు గాని, ఆ కూటమికి ఏ ఆట తగినదో ఆలోచించేవారు తక్కువ. తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఈ ఆలోచన మరింత అవసరం. ఇక్కడ ఒకే పందిరి కింద కూర్చున్న వారందరికీ చదువుకొన్న భాష ఒకటి కాదు.

ఒక ఇంట రెండు లిపులు

1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల సరిహద్దులు మారినప్పుడు, అంతవరకు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో చేరాయి. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లా అయింది. హద్దు మారినా బంధుత్వాలు మారలేదు. నగరిలో, సత్యవేడులో ఆడపడుచులు ఉన్న ఇళ్ళు ఇక్కడ ఎన్నో ఉన్నాయి.

మారినది చదువు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం ప్రకారం, 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. అందువలన తాతకు తెలుగు లిపి, మనుమడికి తమిళ లిపి వచ్చిన ఇళ్ళు పెరిగాయి. ఇంటిలో మాట తెలుగే అయినా కాగితం మీద అక్షరం వేరు. ఆటను ఎంచుకొనేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసినది ఇదే.

అంత్యాక్షరిలో చిక్కు

అందరికీ తెలిసిన ఆట కనుక చాలామంది అంత్యాక్షరితో మొదలుపెడతారు. ఇక్కడే చిక్కు వస్తుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధలకు, ప, ఫ, బ, భలకు కూడా అంతే. తమిళంలో చదువుకొన్న పిల్లవానికి చెవితో తేడా తెలిసినా, అక్షరంగా ఆలోచించేటప్పుడు గ, క ఒకటిగానే తోస్తాయి. "గ" వచ్చినప్పుడు వాడు "క"తో పాట అందుకొంటాడు. అవతలి జట్టు తప్పని నవ్వుతుంది. రెండుసార్లు అలా జరిగితే వాడు మూడోసారి నోరు విప్పడు. ఆ రోజు పోయింది ఒక ఆట మాత్రమే కాదు. నలుగురిలో తెలుగు మాట్లాడే ధైర్యం కూడా.

దీనికి పరిష్కారం సులువు. క-గ, చ-జ, ట-డ, త-ద, ప-బ జంటలను ఒకటిగానే లెక్కిస్తామని ఆటకు ముందే చెప్పాలి. పాట ఏ భాషలో ఉన్నా చెల్లుతుందనాలి. ప్రతి జట్టులోనూ పెద్దలను, పిల్లలను, రెండు రాష్ట్రాలవారిని కలిపి కూర్చోబెట్టాలి. అలాగే తెలుగులో రాసిన చీటీలు తీసి చదివించే ఆటలలో, చీటీని ఒక పెద్ద చదివి వినిపించడం మంచిది.

భాష అడ్డురాని ఆటలు

పాతకాలపు ఆటలకు ఈ బాధ లేదు. మన అష్టాచెమ్మాకు దగ్గరి ఆట తమిళులకు దాయం. మన వామనగుంటలు వారికి పల్లాంగుళి. మన పులిమేక వారికి ఆడుపులి ఆట్టం. వైకుంఠపాళి వారికి పరమపదం. వైకుంఠ ఏకాదశి జాగరణ రాత్రి ఈ ఆట ఆడే వాడుక రెండు వైపులా ఉంది. నిచ్చెన ఎక్కడానికి, పాము నోట పడడానికి ఏ లిపీ రానక్కరలేదు.

అయితే పేరు మారినట్లే నియమాలూ మారతాయి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. అన్నీ బోర్లా పడితే అష్ట, అంటే 8. దాయం ఆటలో దాయం, అంటే 1 పడితేనే కాయ గడిలోకి దిగుతుంది. నగరి మేనత్త ఒక లెక్క, తిరువళ్ళూరు పిన్ని ఒక లెక్క చెప్పినప్పుడు వాదం రాకూడదంటే, గవ్వలు చేతికి తీసుకొనే ముందే నియమం ఖాయం చేసుకోవాలి. ఒక ఆట వారి పద్ధతిలో, ఒక ఆట మన పద్ధతిలో ఆడితే ఇద్దరికీ గౌరవం.

మాట నేర్పే ఆటలు

భాష అడ్డు రాకుండా చూడడంతో సరిపోదు. ఆటే భాషను నేర్పగలదు. తంబోలాలో టికెట్టు మీద అంకెలే ఉంటాయి కనుక అందరూ ఆడవచ్చు. 1 నుంచి 90 వరకు అంకెలను మొదట తెలుగులో, తరువాత తమిళంలో పిలిస్తే, గంటసేపట్లో పిల్లలకు "అరవై ఏడు", "డెబ్బై ఆరు" చెవిన పడతాయి. గెలవాలన్న ఆశతో వింటారు కనుక మరచిపోరు.

రెండు భాషల మాటల ఆట మరొకటి. ఒక జట్టు తెలుగు మాట చెబితే, రెండో జట్టు తమిళ మాట చెప్పాలి. చేయి అంటే కై, పాలు అంటే పాల్. పోలికతో మోసపోయే మాటలు నవ్వు తెప్పిస్తాయి. తెలుగులో వాన అంటే వర్షం. తమిళంలో వానం అంటే ఆకాశం. తెలుగులో అవసరం అంటే కావలసినది, తమిళంలో తొందర. ఇక్కడ రెండు భాషలూ తెలిసిన సరిహద్దు పిల్లలదే పైచేయి అవుతుంది. అంత్యాక్షరిలో తలవంచుకొన్నవాడు ఇందులో నాయకుడవుతాడు. పొడుపు కథలకు కూడా చదువు అక్కరలేదు; అవ్వ చెబితే మనుమరాలు విప్పుతుంది.

ఎంపికలో గమనించవలసినవి

ఇద్దరు ముగ్గురే ఉంటే వామనగుంటలు, పులిమేక, నలుగురైతే అష్టాచెమ్మా, ఇరవై ముప్పై మంది ఉంటే తంబోలా తగినవి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కింద కూర్చోలేరు కనుక బల్ల మీద పటం పరచాలి. కుర్చీల ఆటలో మొదట ఓడేది చిన్నపిల్లలే. ఓడినవారికి పాట ఆపే పని, లెక్క చూసే పని అప్పగిస్తే వారు వేరుపడరు.

పెళ్ళిలో బిందెలో ఉంగరం తీయించడం, పూబంతులాట వధూవరుల బెరుకు పోగొట్టేవి. అంతకు మించి కొత్తకోడలిని పాడమనో, ఆడమనో బలవంతం చేయరాదు. ఒకరిని నవ్వులపాలు చేసే ఆట నలుగురికి వినోదం కాదు. డబ్బు పందెం అసలే వద్దు. గెలిచినవారికి ఒక అరటిపండు చాలు, ఓడినవారికీ మరొకటి ఇస్తే ఇంకా మంచిది.

ఆట ముగిసిన తరువాత ఒక్కటి చూసుకొంటే చాలు: అందరికంటే చిన్నవాడు, అందరికంటే పెద్దవారు, అవతలి రాష్ట్రం నుంచి వచ్చిన చుట్టం, ఈ ముగ్గురూ నవ్వుతూ లేచారా? లేచారంటే ఆ ఇంటివారు తగిన ఆటనే ఎంచుకొన్నట్లు.