ఆ బొమ్మలు ఎందుకు మిణుకుమన్నాయి?

మాది వేటపాలెం. ఐసు అంటే ఐస్‌ఫ్రూట్ బండి దగ్గర తప్ప చూసి ఎరగం. అయినా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మేం ఆడింది మంచు మీద హాకీ! ఫ్రెండ్ వాళ్లింట్లో టీవీ గేమ్ ఉండేది, అందులో ‘బ్లేడ్స్ ఆఫ్ స్టీల్’ క్యాసెట్. కొనామీ సంస్థ 1987లో వీడియో గేమ్ పార్లర్ల కోసం తయారుచేసి, మరుసటేడాది నింటెండో మెషిన్‌పైకి తెచ్చిన ఆట ఇది. ఇద్దరు కొట్టుకుంటే ఓడినవాడికే శిక్ష. ఆ రూల్ మాకు తెగ నచ్చేది.

అయితే ఆటగాళ్లు ఒకే వరుసలో గుమిగూడితే బొమ్మలు మిణుకుమిణుకుమనేవి. దుమ్ము పట్టిందనుకుని క్యాసెట్ తీసి, ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టేవాళ్లం.

బీటెక్ ఫైనలియర్‌లో అందరిలాగే నేనూ ప్రాజెక్టు కొనుక్కున్నా. మొదటి ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే: ‘ఈ డేటాబేసే ఎందుకు ఎంచుకున్నావ్?’ నోట మాట రాలేదు. ఇంటికొస్తే నాన్న ‘ఏమైందిరా?’ అన్నారు. ఆయనకూ జవాబు చెప్పలేకపోయా.

ఆ తర్వాత పట్టుబట్టి పైథాన్‌లో ఇద్దరాడే చిన్న ఐస్ హాకీ గేమ్ రాశా. అప్పుడే మిణుకుల గుట్టు తెలిసింది. ఆ మెషిన్ వర్కింగ్ మెమరీ 2 కేబీ. తెర మీద ఒక్కో అడ్డగీతపై 8 బొమ్మ ముక్కలే చూపగలదు. ఒక్క ఆటగాడికే రెండు మూడు ముక్కలు కావాలి. తొమ్మిదో ముక్క మాయమవుతుంది. ఎప్పుడూ ఒకే ఆటగాడు మాయమైతే ఆట పాడవుతుంది కదా! అందుకే అప్పటి ప్రోగ్రామర్లు ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కో ముక్కను వంతులవారీగా వదిలేసేవారు. అందరూ కాస్త మిణుకుమంటారు, కానీ అందరూ కనిపిస్తారు. మేం ఊదింది దుమ్మును కాదు, ఓ ఇంజినీర్ తీసుకున్న నిర్ణయాన్ని!

నా గేమ్‌లోనూ తిప్పలే. పక్ వేగాన్ని ప్రతి ఫ్రేమ్‌లో 0.95తో గుణిస్తే సెకనులోపే ఇసుకలో కూరుకుపోయినట్టు ఆగేది. 0.99 పెడితే సెకనుకు (60 ఫ్రేములు) దాదాపు సగం వేగం మిగిలి, మంచు మీద జారినట్టు అనిపించింది. ఇంకోటి, ఒక్క గోల్‌కు స్కోరు ఏడెనిమిది పెరిగేది. పక్ గీత దాటి ఉన్నంతసేపూ ప్రతి ఫ్రేమ్‌లో లెక్కపెడుతోందని రెండు రోజులకు దొరికింది.

తర్వాతి ఇంటర్వ్యూలో ఈ తప్పుల గురించే ఇరవై నిమిషాలు మాట్లాడా. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు సారస్వత నికేతనంలోనో, హాస్టల్ గదిలోనో ఉద్యోగ ప్రకటనలు వెతుకుతున్న మీకు చెప్పేదొక్కటే. ప్రాజెక్టు చిన్నదైనా సొంతంగా చేయండి. ఓ నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాసుకోండి: ఎక్కడ ఇరుక్కున్నారు, ఏ దారి ఎంచుకున్నారు, దానివల్ల ఏం వదులుకున్నారు. ఇంటర్వ్యూలో ‘ఎందుకు?’ అని అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబులు అవే. అవి డబ్బులిచ్చినా దొరకవు.