వరద ఫొటో ఎక్కడిది, ఎప్పటిది?

ఇంటర్నెట్‌లో కనిపించిన ఫొటో మూలం కనుక్కోవడమంటే దాన్ని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారో తేల్చడం. ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో వానాకాలం వచ్చిందంటే ఈ పని ప్రాణాలతో ముడిపడుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2023 జులైలో ఒకసారి, 2024 సెప్టెంబరు 1న మరోసారి మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచింది. పైపైన చూస్తే ఈ వరదల ఫొటోలన్నీ ఒక్కలాగే ఉంటాయి. పాత ఫొటో కొత్తదిగా వాట్సాప్‌లో తిరిగితే ముప్పు లేనివాళ్లు కట్టుబట్టలతో ఇళ్లు వదులుతారు. అలా ఒకటి రెండుసార్లు మోసపోయినవాళ్లు నిజమైన హెచ్చరిక వచ్చినా కదలరు.

వెతుకులాట రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో మొదలవుతుంది. ఇందులో మాటలకు బదులు ఫొటోనే ఇచ్చి వెతుకుతారు. టిన్ఐ అనే వెబ్‌సైటు 2008లో, గూగుల్ 2011లో ఈ సౌకర్యం తెచ్చాయి. ఇప్పుడు ఫోన్‌లో గూగుల్ లెన్స్ ఆ పని చేస్తోంది. ఫొటోలోని ఆకారాలు, రంగుల అమరికను కంప్యూటర్ తన దగ్గరున్న కోట్ల బొమ్మలతో పోల్చి, దగ్గరగా ఉన్నవి చూపిస్తుంది. వీడియో అయితే స్పష్టంగా ఉన్నచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి వెతకాలి.

వచ్చిన ఫలితాల్లో అన్నిటికన్నా పాతదాన్ని పట్టుకోవాలి. టిన్ఐలో పాతవి ముందు వచ్చేలా అమర్చుకోవచ్చు. అయితే అందులో కనిపించేది ఆ బొమ్మ దాని కంటపడిన తేదీ మాత్రమే, ఫొటో తీసిన తేదీ కాదు. 2015 నేపాల్ భూకంపం తర్వాత చెల్లిని హత్తుకున్న అన్న ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. నిజానికి దాన్ని 2007లో వియత్నాంలోని హా జాంగ్ రాష్ట్రంలో నా సన్ న్యూయెన్ అనే ఫొటోగ్రాఫర్ తీశారు. తీసిన మనిషి దొరికితేనే మూలం పూర్తిగా తేలినట్టు.

సెర్చ్‌లో దొరకకపోతే ఫొటోనే చదవాలి. దుకాణాల బోర్డులు, బస్సుల మీది పేర్లు, గుడి గోపురం, వంతెన స్తంభాలు చోటును చెబుతాయి. అక్షరాలు తిరగబడి ఉంటే ఎవరో బొమ్మను తిప్పారని అర్థం. బండి నంబరు కాలాన్ని చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా బండ్లకు ఏపీ 20 ఉండేది. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్ 04 అయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డాక అక్కడ టీఎస్ 28 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ ఇస్తున్నారు. కాబట్టి టీజీ నంబరు బండి కనబడే ఫొటో 2022 వరదది కాదు. ఏపీ 20 కనిపిస్తే మాత్రం పాత ఫొటో అనడానికి లేదు, ఆ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. భద్రాచలంలో గోదావరి మీది రెండో వంతెన కూడా ఇలాంటి ఆనవాలే. 2022 వరద నాటికి అది పూర్తి కాలేదు.

నీటిమట్టాన్నీ సరిచూడవచ్చు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కేంద్ర జల సంఘం ఆ రోజు ప్రకటించిన మట్టం 40 అడుగులే అయితే, ఊళ్లు మునిగినట్టు చూపే ఫొటో ఆ రోజుది కాకపోవచ్చు.

ఫోన్‌తో తీసిన ఫైలులో తేదీ, సమయం, ఒక్కోసారి జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి పోతాయి. అందుకే తీసినవారిని అడిగి, అసలు ఫైలును డాక్యుమెంట్‌గా తెప్పించుకోవాలి. ఆ వివరాలనూ మార్చే వీలుంది కనుక మిగతా ఆధారాలతో పోల్చాకే నమ్మాలి.

కృత్రిమ మేధ గీసిన బొమ్మకు తీసిన చోటే ఉండదు. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టిన మాట నిజం. ఆ నిజమైన దృశ్యాలతో పాటే, జింకలు, నెమళ్లు బుల్డోజర్ల ముందు పరుగెడుతున్నట్టు తయారుచేసిన బొమ్మలూ తిరిగాయి. నిజమైన సంఘటనకు తోడైన కల్పితాన్ని పట్టుకోవడం మరీ కష్టం. కాళ్ల లెక్క, నీడల దిశ, బోర్డుల మీది అక్షరాలు అలాంటిచోట పరీక్షగా చూడాలి. అదే దృశ్యం మరో కోణం నుంచి ఎవరైనా తీశారేమో వెతకాలి.

ఇన్ని చూసినా మూలం దొరకని ఫొటోలు ఉంటాయి. దొరకనంత మాత్రాన అది అబద్ధమని కాదు, నిజమనీ కాదు. అలాంటిదాన్ని వరద కబురుగా నలుగురికీ పంపకుండా, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి అడగడం మంచిది.