వంగి నడిపే బండికి ఇక్కడ రోడ్డేది?

యమహా ఆర్15 మన మార్కెట్‌లోకి 2008లో వచ్చింది. ఆ పేరు మీద పది లక్షల బళ్లు తయారయ్యేసరికి 2025 అయింది, అంటే పదిహేడేళ్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024-25 ఆర్థిక సంవత్సరం ఒక్కదాంట్లోనే, ఎగుమతులతో కలిపి, 10,09,900 బళ్లు అమ్మింది. స్పోర్ట్స్ బైకుల్లో మన దగ్గర అందరికన్నా గట్టిగా నిలబడ్డ పేరు ఆర్15. ఎన్‌ఫీల్డ్ అమ్మేవాటిలో ఎక్కువ భాగం నిటారుగా కూర్చుని తాపీగా నడిపేవి. కుర్రకారు మనసు ఎటు మళ్లిందో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

దేశం మొత్తం లెక్క చూసినా గాలి ఇటే వీస్తోంది. 2018-19లో దేశీయంగా సుమారు 1.36 కోట్ల మోటార్‌సైకిళ్లు, 67 లక్షల స్కూటర్లు అమ్ముడయ్యాయి. 2024-25లో మోటార్‌సైకిళ్లు 1.22 కోట్లకు దిగాయి, స్కూటర్లు 68.5 లక్షలకు చేరాయి. కొవిడ్‌లో పడ్డ గుంత నుంచి స్కూటర్ పూర్తిగా పైకొచ్చింది, మోటార్‌సైకిల్ ఇంకా రాలేదు. అయితే డీలర్ల సమాఖ్య ఫాడా నెలనెలా ఇచ్చే రిటైల్ లెక్కల్లో ఏళ్ల తరబడి తెలంగాణ ఊసే లేదు. రిజిస్ట్రేషన్లను కేంద్రం నడిపే వాహన్ పోర్టల్‌లో కాకుండా రాష్ట్రం తన సొంత వ్యవస్థలో చేసుకుంటూ రావడమే కారణం. కంపెనీల దగ్గర సొంత లెక్కలుంటాయి కాబట్టి వాళ్లకు పోయేదేమీ లేదు. ‘దేశం ఏం కొంటోంది’ అని మనం పత్రికల్లో చదివే కథనాల్లో మాత్రం అన్నేళ్లూ హైదరాబాద్ లేదు.

ఆ లెక్కల్లో లేని ఊళ్లోనే 2022-23 నాటికి రాష్ట్రంలోని 9,05,715 మంది ఐటీ ఉద్యోగుల్లో అత్యధికులు పనిచేస్తున్నారు. స్పోర్ట్స్ బైకు కొనాలన్న కోరిక, దానికి ఈఎంఐ కట్టే జీతం ఒకేచోట దొరికే ప్రాంతం మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ. లేనిదల్లా రోడ్డు. ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, కార్లకు గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది, టూవీలర్లను మాత్రం ఎక్కనివ్వరు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. ఇక మిగిలింది మైండ్‌స్పేస్ జంక్షన్, బయోడైవర్సిటీ, ఐకియా ముందు సిగ్నల్. 2021 సెప్టెంబర్‌లో కేబుల్ బ్రిడ్జి దాటాక నటుడు సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న ట్రయంఫ్ బైకు జారి ఆయన తీవ్రంగా గాయపడ్డారు. అప్పుడు ఊరంతా మాట్లాడుకున్నది వేగం గురించి ఎంతో, రోడ్డు పక్కన పేరుకున్న ఇసుక గురించీ అంతే.

ఇలాంటి చోట ఇంజిన్ ఎంత పవర్ ఇస్తుందన్నది కాదు, ఎక్కడ ఇస్తుందన్నది ముఖ్యం. ఆర్15 ఇంజిన్‌కు 18.4 పీఎస్ ఉంది, కానీ అది చేతికందేది 10,000 ఆర్‌పీఎం దగ్గర. లాగే శక్తి, అంటే టార్క్, 14.2 న్యూటన్ మీటర్లు. అదీ 7,500 దాకా తిప్పితేనే. ఎన్‌ఫీల్డ్ హంటర్ 350కి పవర్ 20 పీఎస్ చిల్లరే, టార్క్ మాత్రం 27, అదీ 4,000 దగ్గరే. సాయంత్రం ఆరున్నరకు సైబర్ టవర్స్ దగ్గర ఫస్టు, సెకండు గేర్ల మధ్య కొట్టుకునేవాడికి ఈ టార్క్ అంకే పనికొస్తుంది. బరువు దగ్గర హంటర్ ఓడిపోతుంది. అది 181 కిలోలు, ఆర్15 నూట నలభై పైచిలుకు. ఇరుకు పార్కింగ్‌లో రెండు బళ్ల మధ్య నుంచి వెనక్కి లాగేటప్పుడు ఆ నలభై కిలోలు భుజాలకు బాగా తెలుస్తాయి.

సిగ్నల్ దగ్గర ఫుల్ ఫెయిరింగ్ బండి మీదున్న కుర్రాణ్ని ఒకసారి గమనించండి. ల్యాప్‌టాప్ బ్యాగు వీపు మీద నుంచి ముందుకు జారి మెడ మీద పడుతుంది, దాన్ని మోచేత్తో వెనక్కి నెట్టుకుంటాడు. ఒంటి బరువంతా మణికట్ల మీద ఉంటుంది, ఎడమ చెయ్యి క్లచ్ మీంచి లేవదు. మే నెల ఎండలో రేడియేటర్ ఫ్యాన్ వదిలే వేడి మోకాళ్లకు తగులుతుంది. వెనక సీటు ఎత్తుగా, అరచేతి వెడల్పున ఉంటుంది కాబట్టి స్నేహితుడు ఎక్కితే ఇతని భుజాల మీద వాలిపోవాల్సిందే. పక్కనే స్ప్లెండర్ మీద రాపిడో కెప్టెన్ ఎనిమిది పీఎస్‌తో, పొడవాటి చదును సీటుతో, వెనక ప్యాసింజర్‌తో సందు చూసుకుని వెళ్లిపోతాడు.

అయితే అందరికీ స్ప్లెండరే చేసి పెట్టమనడం లేదు. స్పోర్ట్స్ బైకు కొన్నవాడు కోరుకున్నది పికప్, మంచి బ్రేకులు, చూడగానే నచ్చే రూపం. అవి అక్కర్లేదని అతనెప్పుడూ అనలేదు, నడుము నొప్పి వద్దన్నాడంతే. దీనికి జవాబు ఎలా ఉంటుందో యమహాయే 2021 సెప్టెంబర్ 21న చూపించింది. ఒకేరోజు రెండు బళ్లు దింపింది: రూ.1,67,800కు కొత్త ఆర్15, రూ.1,29,000కు ఏరాక్స్ 155 స్కూటర్. ఏరాక్స్‌లో ఉన్నది ఆర్15 కుటుంబం ఇంజినే. కాస్త తగ్గించి 15 పీఎస్ ఇచ్చారు, క్లచ్ లివర్ తీసేశారు, సీటు కింద 24.5 లీటర్ల జాగా పెట్టారు. బరువు 126 కిలోలు. తర్వాత హీరో జూమ్ 160తో, టీవీఎస్ ఎన్‌టార్క్ 150తో ఇదే దారి పట్టాయి. నా లెక్కలో అసలు ఖాళీ ఇంకా అలాగే ఉంది. స్కూటర్‌లో ఉన్న జాగా, మోటార్‌సైకిల్‌లో ఉండే 17 అంగుళాల చక్రాలు, నిటారు కూర్చోబడి, 135 కిలోల లోపు బరువు, 5,000 ఆర్‌పీఎం లోపే అందే టార్క్ ఒకే బండిలో ఇచ్చినవాళ్లు లేరు. గుంతల్లో చిన్న చక్రాల స్కూటర్ ఎలా ఎగిరిపడుతుందో వానాకాలంలో గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అడ్వెంచర్ బైకులే రేపటి దారి అని షోరూముల్లో అంటారు. ఆదివారం తెల్లవారుజామున అనంతగిరి కొండలకు బయల్దేరే గుంపుల్ని చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ వారానికి ఒక ఆదివారమే ఉంది, ఆఫీసు రోజులు ఐదు. ఎత్తైన సీటు మీద మునివేళ్లతో బండిని ఆపుకుంటూ ఆ ఐదు రోజులూ తిరగాలి.

ఇంజిన్ ఎంత ఉండాలన్నది మాత్రం కేంద్రమే తేల్చేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆపైన సెస్సుతో కలిపి 31గా ఉన్నది 40కి పెరిగింది. పన్ను కలపకముందు రెండు లక్షలుండే బండిని తీసుకుందాం. 350 సీసీ గీతకు ఇటువైపు ఉంటే 2.36 లక్షలు, అటువైపు ఉంటే 2.80 లక్షలు. తేడా రూ.44,000. పాత పన్నులో ఇదే తేడా రూ.6,000. బండి ధర మీద శాతంగా వేసే లైఫ్ టాక్స్ కూడా దీనికి తోడవుతుంది. 373 సీసీ, 398 సీసీ అంటూ కొలతలు వేసుకున్న కంపెనీలు ఇప్పుడు పిస్టన్ కొలతలు మళ్లీ చూసుకోక తప్పదు.

యూరప్‌లోనూ కాలుష్య నిబంధనలు ఇలాగే పెద్ద స్పోర్ట్స్ బైకుల మెడ మీద కూర్చున్నాయి. అక్కడ రోడ్డు మీద తిరిగే ఆర్6ను యమహా 2020తో, ఆర్1ను 2024తో ఆపేసింది. వాటి బదులు ఆర్7, ఆర్9 పేర్లతో రోజూ నడపగలిగే ఇంజిన్లకే స్పోర్ట్స్ చొక్కా తొడిగింది.

ఇక కరెంటు బండి. తెలంగాణ 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది, గడువు 2026 డిసెంబర్ 31. ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన ప్యూర్ ఈవీ 2023 జనవరిలో ఎకోడ్రిఫ్ట్ అనే మోటార్‌సైకిల్‌ను రూ.99,999కు తెచ్చింది. బ్యాటరీ 3 కిలోవాట్ అవర్లు, కంపెనీ చెప్పే రేంజి 130 కిలోమీటర్లు. అందులో ఐదో వంతు కొట్టేసినా, రోజూ పోను రాను 20 కిలోమీటర్లు తిరిగేవాడికి ఆఫీసు వారం గడిచిపోతుంది. అదే కంపెనీ 2022లో మంటల ఘటనల తర్వాత రెండు వేల స్కూటర్లను వెనక్కి పిలిచిందన్నది కూడా కొనేవాడికి గుర్తుంటుంది. భయం సంగతి అలా ఉంచితే, అడ్డం ప్లగ్గు దగ్గర వస్తుంది. అయ్యప్ప సొసైటీ, కొండాపూర్ హాస్టళ్లలో నాలుగో అంతస్తులో ఉండే కుర్రాడికి కింద సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ ఎవరు పెడతారు? హీరో విడా స్కూటర్‌కు ఉన్నట్టు, చేత్తో ఊడదీసి గదికి మోసుకెళ్లే బ్యాటరీ మోటార్‌సైకిళ్లలోనూ మామూలు కావాలి. పెట్రోలు ట్యాంకు అక్కర్లేదు గనక ఆ చోట ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టుకోవచ్చు.